బొమ్మ వెంట రావలసిన రంగుల లెక్క



పుస్తకమో, క్యాలెండరో, పెళ్లి శుభలేఖో అచ్చు వేయించుకున్నవాళ్లు కట్ట విప్పగానే తరచుగా అనే మాట ఒకటుంది: “కంప్యూటర్లో చూసినప్పుడు ఇలా లేదండీ!” చెన్నై ప్యారీస్‌లో శుభలేఖల దుకాణాలు బారులు తీరిన ఆండర్సన్ వీధిలో అడిగినా, శివకాశిలో అడిగినా, విజయవాడలో అడిగినా వచ్చే జవాబు దాదాపు ఒకటే: “ప్రింటింగులో కొంచెం తేడా రావడం మామూలే.” ఆ జవాబులో కొంత నిజముంది. తెర వెలుతురును చిమ్ముతుంది, కాగితం వెలుతురును తిప్పి పంపుతుంది. తెర మీద మెరిసే కొన్ని నీలాలూ ఆకుపచ్చలూ నాలుగు సిరాలతో కాగితం మీద రానే రావు. అది ప్రకృతి పెట్టిన హద్దు, దానికి ఎవరినీ తప్పుపట్టలేం. కానీ పెళ్లికూతురి ముఖం ఇటుక రంగులోకి పోవడం, పసుపు బట్ట ఆకుపచ్చకు తిరగడం, నీడలన్నీ ఒకే నల్లటి ముద్ద కావడం ఆ హద్దు వల్ల జరిగేవి కావు. ఇలాంటివి చాలా మటుకు అచ్చు యంత్రం తిరగకముందే, పేజీ కట్టేచోటే జరిగిపోతాయి. మరీ సూటిగా చెప్పాలంటే, బొమ్మను పేజీకి లింకు చేసేటప్పుడు ఆ బొమ్మ రంగు ప్రొఫైలును ఏం చేశామన్న దగ్గరే జరుగుతాయి. ప్రొఫైలు బొమ్మలో భాగమనీ, దాన్ని చివరి అడుగు దాకా బొమ్మ వెంటే ఉంచాలనీ, రంగులను సిరాలోకి మార్చడం ఒక్కసారే, ఏ కాగితమో ఏ యంత్రమో తేలాకే చేయాలనీ ఈ ప్రసంగంలో నా వాదన.

ముందు లింకు సంగతి చూద్దాం. పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు ఇన్‌డిజైన్‌లో గానీ, ఉచితంగా దొరికే స్క్రైబస్‌లో గానీ ఒక ఫొటోను పేజీలో పెట్టినప్పుడు ఆ ఫొటో పేజీ ఫైలులోకి వచ్చి కూర్చోదు. తన ఫోల్డరులోనే ఉంటుంది. పేజీ ఫైలులో ఉండేది అది ఎక్కడుందో చెప్పే దారి, తెర మీద చూపించడానికి ఒక చిన్న నకలు, అంతే. లింకు తెగితే అచ్చులో బొమ్మ మసకబారుతుందని డీటీపీ పని చేసేవాళ్లందరికీ తెలుసు, అందుకే ఫైలు పంపేముందు లింకులన్నీ సరిచూసుకుంటారు. లింకు తెగకుండానే రంగు దారి తప్పవచ్చన్నది మాత్రం అంతగా పట్టించుకోరు. బొమ్మ ఫైలు నిండా ఉండేవి అంకెలు. ఒక్కో చుక్కకు ఎరుపు ఇంత, ఆకుపచ్చ ఇంత, నీలం ఇంత అని 0 నుంచి 255 వరకు మూడేసి అంకెలు. ఆర్‌జీబీ అనేది ఈ మూడింటినే. ఏ ఎరుపు, ఎంత ఘాటైన ఎరుపు అన్నదానికి జవాబు ఆ అంకెల్లో లేదు. చెన్నైలో ఒకరు తమకు ఆరు ఉందని స్థలం గురించి చెబితే అవి గ్రౌండ్లు, గ్రౌండుకు 2,400 చదరపు అడుగులు. అదే మాట గుంటూరు వైపు అంటే సెంట్లు, సెంటుకు 435 చదరపు అడుగుల చిల్లర. అంకె ఆరే, స్థలంలో అయిదున్నర రెట్ల తేడా. కొలత పేరు రాయని దస్తావేజును ఎవరూ రిజిస్టరు చేయరు. బొమ్మలో ఆ కొలత పేరు చెప్పేదే ఐసీసీ ప్రొఫైలు.

ఈ కొలత గాలిలోంచి వచ్చింది కాదు. మనిషి కన్ను రంగును గ్రహించే తీరును ప్రయోగాలతో కొలిచి, సీఐఈ అనే అంతర్జాతీయ సంఘం 1931లోనే ఒక లెక్కకు తెచ్చింది. 1976లో ల్యాబ్ అనే మరో పద్ధతిని ఇచ్చింది. అందులో రెండు రంగుల మధ్య దూరం కంటికి కనిపించే తేడాకు దగ్గరగా ఉంటుంది. 1993లో అడోబ్, యాపిల్, ఆగ్ఫా, కొడాక్, మైక్రోసాఫ్ట్ సహా ఎనిమిది సంస్థలు కలిసి ఐసీసీ అనే సంఘాన్ని ఏర్పరిచాయి. ఏ పరికరం అంకెలనైనా ఈ కంటి లెక్కలోకి మార్చే పట్టిక రూపాన్ని ఆ సంఘం ఖాయం చేసింది. ఆ పట్టికే ప్రొఫైలు. తర్వాత 1996లో మామూలు కంప్యూటర్ తెరల కోసం ఎస్‌ఆర్‌జీబీ వచ్చింది, 1998లో అచ్చు పనిని దృష్టిలో పెట్టుకుని ఇంకాస్త విశాలమైన అడోబ్ ఆర్‌జీబీ వచ్చింది. 2016 నుంచి ఐఫోన్లు డిస్‌ప్లే పీ3 అనే మరో కొలతలో ఫొటోలు తీస్తున్నాయి. ఒక ఉదాహరణ చెబుతాను, వీలైతే కాగితం మీద రాసుకోండి. ఎస్‌ఆర్‌జీబీలో 255, 0, 0 అని రాసే ఎరుపును అడోబ్ ఆర్‌జీబీలో దాదాపు 219, 0, 0 అని రాయాలి. డిస్‌ప్లే పీ3లో అయితే దాదాపు 234, 51, 35 అని రాయాలి. కంటికి ఆ మూడూ ఒకే ఎరుపు. ఇప్పుడు ఈ మూడు ఫైళ్ల ప్రొఫైళ్లను ఊడదీసి ఒకే పేజీలో పక్కపక్కన లింకు చేస్తే మూడు వేర్వేరు ఎరుపులు కనిపిస్తాయి. బొమ్మలో ఒక్క అంకె కూడా మారలేదు, అయినా రంగు మారింది.

ప్రొఫైళ్ల పేరైనా తెలియని రోజుల్లో చెన్నైలోనే అంత అందమైన రంగుల బొమ్మలు అచ్చయ్యాయి కదా, ఇప్పుడెందుకీ హంగామా అని అడిగేవాళ్లున్నారు. ఇది బలమైన ప్రశ్న, తేలిగ్గా తీసిపారేసేది కాదు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో మొదలుపెట్టిన చందమామనే తీసుకుందాం. వడ్డాది పాపయ్య, ఎం.టి.వి. ఆచార్య వేసిన ముఖచిత్రాలు, చిత్రా, శంకర్ గీసిన లోపలి బొమ్మలు నెలనెలా ఎన్నో భాషల్లో, లెక్కలేనన్ని ఇళ్లకు చేరాయి. ఐసీసీ అప్పటికి ఇంకా పుట్టలేదు, కంప్యూటరూ లేదు. ఆ కాలంలో రంగుల చిత్రాన్ని ప్రాసెస్ కెమెరా ముందు పెట్టి ఎర్ర ఫిల్టరుతో తీసిన నెగెటివ్ నుంచి సయాన్ ప్లేటు, ఆకుపచ్చ ఫిల్టరుతో తీసినదాని నుంచి మెజెంటా ప్లేటు, నీలి ఫిల్టరుతో తీసినదాని నుంచి పసుపు ప్లేటు తయారుచేసేవారు. ఏ సిరా కూడా పాఠ్యపుస్తకంలో చెప్పినంత శుద్ధంగా ఉండదు. సయాన్‌లో కొంత ఎరుపు ఛాయ, మెజెంటాలో కొంత పసుపు ఛాయ దాగి ఉంటాయి. ఆ లోటును తెలిసిన పనివాళ్లు చుక్కలను రసాయనంతో కొద్దికొద్దిగా కరిగించి, చేత్తో సరిదిద్దేవారు. మన సిరా ఎలా ఉంటుంది, మన కాగితం ఎంత పీలుస్తుంది, మన యంత్రం చుక్కను ఎంత ఉబ్బిస్తుంది అన్న లెక్కంతా వాళ్ల కంటిలో, చేతిలో ఉండేది.

చందమామ విషయంలో గమనించాల్సిన అసలు సంగతి ఆ ఏర్పాటు. వడపళనిలో పత్రిక, చిత్రా, శంకర్ వంటి చిత్రకారులు, ముద్రణాలయం ఒకే ఆవరణకు చేరి ఉండేవి. బొమ్మ వేసినవారికీ ప్లేటు చేసినవారికీ మధ్య దూరం నాలుగు అడుగులు. రంగు ఎక్కడ తప్పిందో అడగాలంటే పక్క గదిలోకి వెళితే చాలు. ఒకే యంత్రం, ఒకే రకం కాగితం, నెల తర్వాత నెల అదే పని. లెక్క ఎక్కడా రాసిపెట్టలేదంటే రాయాల్సిన అవసరం రాలేదు కాబట్టే. ఇవాళ ఒక తెలుగు పిల్లల పుస్తకం తయారయ్యే తీరు చూడండి. చిత్రకారిణి విశాఖలో టాబ్లెట్ మీద గీస్తుంది. రచయిత డాలస్‌లో ఉంటాడు. పేజీలు హైదరాబాద్‌లో కడతారు. అచ్చు చెన్నైలోనో శివకాశిలోనో పడుతుంది. ఆ నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరు. పక్క గది అన్నది లేనప్పుడు, పక్క గదిలోని మనిషికి తెలిసిన సంగతిని ఫైలే మోసుకెళ్లాలి. పాత ఉస్తాదుల పనితనాన్ని గౌరవించడమంటే వాళ్లకు తెలిసిన లెక్కను పోగొట్టుకోకుండా చూడడమే. వాళ్లకు ప్రొఫైలు లేదు కాబట్టి మనకూ వద్దనడం ఆ గౌరవం కింద రాదు.

తెలుగు డీటీపీలో ఈ లెక్కను పక్కన పెట్టే అలవాటు ఎలా స్థిరపడిందో కూడా చెప్పాలి, ఎందుకంటే దాని వెనక బద్ధకం కన్నా చరిత్ర ఎక్కువ. మన పుస్తకాలు చాలా ఏళ్లు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారయ్యాయి. పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0 వచ్చింది 2001లో. అక్షరాల అమరిక దానికి కుదిరిపోయింది కాబట్టి, ప్రపంచం ముందుకు వెళ్లినా తెలుగు పని అక్కడే ఆగింది. ఇన్‌డిజైన్‌లో భారతీయ భాషల అక్షరాలు సరిగ్గా కూర్చుకునే వీలు 2012 నాటి సీఎస్6తో గానీ గట్టిపడలేదు. ఆ పాత పద్ధతిలో ఫొటోను ఫొటోషాప్‌లో తెరవగానే సీఎంవైకేలోకి, అంటే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాల అంకెల్లోకి మార్చి, టిఫ్‌గా దాచి, పేజీకి లింకు చేసేవారు. ఫిల్మ్ తీసే కేంద్రం ఊళ్లో ఒకటే, ప్రెస్సూ ఒకటే అయినప్పుడు అది పనికొచ్చింది. ఇప్పుడు ఫిల్మ్ పోయింది, ప్లేటు నేరుగా కంప్యూటర్ నుంచే వస్తోంది, ప్రెస్సులు మారుతూ ఉంటాయి. అలవాటు మాత్రం మిగిలింది. సీఎంవైకేలోకి మార్చామంటున్నారు, సరే, ఎవరి సీఎంవైకే? చాలా కంప్యూటర్లలో ఎవరూ ముట్టుకోని అమరిక అమెరికాలోని పత్రికల ముద్రణ కోసం కట్టిన స్వాప్ ప్రొఫైలు. ఇక్కడి కాగితానికీ ఇక్కడి సిరాకూ దానితో సంబంధం లేదు.

లింకు చేసిన బొమ్మలో చిక్కు ఏమిటంటే, రంగు గురించిన నిర్ణయం రెండు చోట్ల నివసిస్తుంది. ఒకటి బొమ్మ ఫైలు లోపల అతికించిన ప్రొఫైలు. రెండోది దాన్ని పాటించాలా, పక్కన పెట్టాలా అని పేజీ ఫైలు పెట్టుకున్న నియమం. ఈ రెండూ కలిస్తేనే రంగు సరిగ్గా వస్తుంది. ఫోన్‌తో తీసిన ఫొటోను ఎవరో చిన్నది చేసి, ప్రొఫైలు అతికించే గడిలోని టిక్కు తీసేసి దాచారనుకోండి. పేజీ ఫైలు ఆ బొమ్మ ఏ కొలతలోదో తెలియక, తన సొంత కొలతలోదే అని అనుకుంటుంది. పేజీ కొలత అడోబ్ ఆర్‌జీబీ అయి, ఫొటో నిజానికి ఎస్‌ఆర్‌జీబీ అయితే ముఖాలు ఎర్రబడతాయి, ఆకులు విషంలా మెరుస్తాయి. తలకిందులైతే అంతా వెలిసిపోయినట్టుంటుంది. అది చూసి కంగారుపడి రంగులు చేత్తో సర్దే ప్రయత్నం చేస్తారు. ఆ సర్దుబాటు ఆ ఒక్క బొమ్మకు, ఆ ఒక్క తెర మీద సరిపోతుంది, మిగతా ప్రతిచోటా బెడిసికొడుతుంది. ఫొటోషాప్‌లో దీనికి రెండు ఆజ్ఞలున్నాయి, వాటిని కలగాపులగం చేస్తే నష్టం ఇంకా పెద్దది. అసైన్ ప్రొఫైల్ అంటే అంకెలను కదపకుండా కొలత పేరు మాత్రం మార్చడం, దాంతో కనిపించే రంగు మారుతుంది. కన్వర్ట్ టు ప్రొఫైల్ అంటే కనిపించే రంగును వీలైనంత నిలబెట్టి అంకెలను మార్చడం. పేరు పోయిన బొమ్మకు మొదటిది మందు. పేరున్న బొమ్మను వేరేచోటికి పంపాలంటే రెండోది. పేరు పోయినప్పుడు సరైన పేరు ఏదన్నది ఊహించడమే అవుతుంది, అందుకే మొదటినుంచీ పోగొట్టుకోకూడదు.

సీఎంవైకే బొమ్మల దగ్గర వ్యవహారం ఇంకా లోతుగా ఉంటుంది. ఇన్‌డిజైన్ పుట్టుకతోనే ఒక నియమంతో వస్తుంది. లింకు చేసిన ఆర్‌జీబీ బొమ్మలోని ప్రొఫైలును అది పాటిస్తుంది. లింకు చేసిన సీఎంవైకే బొమ్మలోని ప్రొఫైలును మాత్రం పట్టించుకోకుండా అంకెలను అలాగే ప్లేటుకు పంపుతుంది. చాలామందికి ఈ తేడా తెలియదు, తెలియకపోవడం వల్ల ఏం జరుగుతుందో లెక్కలతో చూడవచ్చు. నున్నటి ఆర్ట్ పేపరు మీద నాలుగు సిరాలూ కలిసి ఒకేచోట 300 నుంచి 330 శాతం దాకా పడినా ఆ కాగితం మోస్తుంది. యూరప్‌లో బాగా వాడుకలో ఉన్న ఫోగ్రా 39 ప్రొఫైళ్లు ఆ లెక్కతోనే కట్టినవి. న్యూస్‌ప్రింట్ అంత మోయదు. వార్తాపత్రికల కోసం కట్టిన ప్రొఫైళ్లలో హద్దు 240 శాతం, కొత్తదానిలో 220. ఆర్ట్ పేపరు కోసం విడదీసిన బొమ్మను అలాగే న్యూస్‌ప్రింట్ పేజీకి లింకు చేస్తే, ఆ అంకెలు ఎవరూ అడ్డుకోకుండా ప్లేటుకెక్కుతాయి. సిరా ఆరదు, ఎదురు పేజీకి అంటుకుంటుంది, నీడల్లో వివరం మునిగిపోతుంది. పైగా చుక్క ఉబ్బడం ఉంది. వార్తాపత్రికల ప్రొఫైలు పేరులోనే 26 అన్న అంకె ఉంటుంది. నడిమి ఛాయలో చుక్క సుమారు 26 శాతం పెరుగుతుందని దాని అర్థం, అంటే సగం కప్పాల్సిన చుక్క ముప్పాతిక దాకా కప్పేస్తుంది. ఈ పెరుగుదల ముందే తెలిసిన ప్రొఫైలు బొమ్మను ఆ మేరకు పలచన చేసి పంపుతుంది. తెలియని బొమ్మ నల్లబడి వస్తుంది. మ్యాప్‌లిథో కాగితం మీద అచ్చయ్యే మన మామూలు పుస్తకాలూ సిరాను బాగా పీలుస్తాయి కాబట్టి వాటికీ ఆర్ట్ పేపరు లెక్క నప్పదు.

అలాంటప్పుడు ఇన్‌డిజైన్ ఆ నియమం ఎందుకు పెట్టుకుంది, అది తప్పు కాదా అనవచ్చు. తప్పు కాదు, దానికి గట్టి కారణం ఉంది. సీఎంవైకేలో ఉన్నది బొమ్మలొక్కటే కాదు, అక్షరాలూ గీతలూ ఉంటాయి. నూటికి నూరు నలుపుతో, మిగతా మూడు సిరాలూ సున్నాతో రాసిన అక్షరాన్ని ఒక సీఎంవైకే నుంచి ఇంకో సీఎంవైకేలోకి ల్యాబ్ మీదుగా మారిస్తే అది నాలుగు సిరాల నలుపుగా బయటికి వస్తుంది. కాగితం వెంట్రుకవాసి జరిగినా అంచుల్లో రంగులు విడివడి కనిపిస్తాయి. తెలుగుకు ఇది మరీ ప్రమాదం. గుడిదీర్ఘం చుట్టలు, ఒత్తుల సన్నని వంపులు, పొల్లు కొసలు చిన్న సైజులో నాలుగు ప్లేట్ల మధ్య నలిగిపోతాయి. అందువల్ల అంకెలను కాపాడాలన్న నియమం అక్షరానికి మేలు చేస్తుంది. ఫొటోకు చేయదు. నా వాదన ఇక్కడే నిలబడుతుంది: అక్షరాలకూ ఫొటోలకూ ఒకే నియమం పనికిరాదు కాబట్టి, ఫొటోలను ముందే సీఎంవైకేలోకి మార్చి అక్షరాల గాటన కట్టేయకూడదు. ఫొటోలు ప్రొఫైలుతో కూడిన ఆర్‌జీబీలోనే లింకై ఉండాలి. అక్షరాలు, గీతలు, నల్ల చట్రాలు మొదటినుంచీ నలుపు సిరాలోనే ఉండాలి. పీడీఎఫ్ తీసేటప్పుడు, అంకెలను కాపాడుతూ గమ్యస్థానంలోకి మార్చమన్న అమరిక ఎంచుకుంటే ఆర్‌జీబీ ఫొటోలు మాత్రమే మారతాయి, నల్ల అక్షరాలు అలాగే నిలుస్తాయి. పాత సీఎంవైకే టిఫ్ ఒకటి తప్పనిసరిగా వాడాల్సి వస్తే, ఆ ఒక్క బొమ్మను ఎంచుకుని ఇమేజ్ కలర్ సెట్టింగ్స్‌లో దానికి దాని ప్రొఫైలును విడిగా చెప్పే వీలుంది. లింకుల పలకలో ఏ బొమ్మకు ఏ ప్రొఫైలు ఉందో వరసగా చూపించే నిలువు గడిని కూడా తెరిచి పెట్టుకోవచ్చు. ఫైలు పంపేముందు లింకులు సరిచూసే ఆపరేటర్ కళ్లు ఆ గడి మీదా ఓసారి పరుగెత్తితే చాలు.

దీనికి ప్రెస్సులనుంచి వచ్చే అభ్యంతరం న్యాయమైనదే. మాకు ఆర్‌జీబీ పంపకండి, మా పాత వ్యవస్థ దాన్ని ఎలా మారుస్తుందో మేమే చెప్పలేం అంటారు కొందరు. అలా అనే ప్రెస్సుకు ఆర్‌జీబీ పంపమని నేనూ అనను. పీడీఎఫ్/ఎక్స్-1ఎ అన్న ప్రమాణం వాళ్ల కోసమే ఉంది. అందులో సీఎంవైకే, విడి సిరాలు తప్ప ఇంకేమీ ఉండవు. పీడీఎఫ్/ఎక్స్-4 అయితే ఆర్‌జీబీ బొమ్మలు ప్రొఫైళ్లతో సహా లోపలే ఉంటాయి, ఏ ముద్రణ స్థితికి తయారైందో కూడా ఫైలు మీదే రాసి ఉంటుంది. ప్రెస్సు ఏది కోరితే అది ఇవ్వవచ్చు. తేడా ఎక్కడంటే, మార్పు జరిగేది పంపే పీడీఎఫ్‌లో. ఫోల్డరులోని అసలు బొమ్మల్లో కాదు. వచ్చే ఏడాది అదే పుస్తకం ఇంకో ఊళ్లో, ఇంకో కాగితం మీద వేయాల్సి వస్తే, ఆ కాగితం ప్రొఫైలు ఎంచుకుని కొత్త పీడీఎఫ్ తీస్తే పని అయిపోతుంది. ముందే సీఎంవైకే చేసి అసలును చెరిపేసినవాళ్లు మాత్రం, ఒక కాగితం కోసం కుదించిన రంగుల్ని మరో కాగితం కోసం మళ్లీ కుదిస్తారు. ఒకసారి పోయిన రంగు ఏ మార్పుతోనూ తిరిగి రాదు.

మా మానిటర్ ఎలాగూ సరిచేసింది కాదు, మరి ప్రొఫైళ్లతో ఏం లాభం అన్నది ఇంకో అభ్యంతరం. ఇది తరచుగా వినపడుతుంది, పొరపాటు కూడా ఇందులోనే ఉంది. బొమ్మ ప్రొఫైలు మానిటర్ గురించి చెప్పదు, బొమ్మలోని అంకెల అర్థం గురించి చెబుతుంది. మానిటర్ నమ్మకంగా లేనప్పుడు కంటితో చేసే సర్దుబాట్లన్నీ ఆ మానిటర్ లోపాన్ని బొమ్మలోకి ఎక్కిస్తాయి. ముట్టుకోకుండా ప్రొఫైలుతో వదిలేసిన బొమ్మలోకి ఆ లోపం ఎక్కదు. కాబట్టి మంచి మానిటర్ కొనే స్తోమత లేనిచోట ప్రొఫైలు అవసరం ఎక్కువే, తక్కువ కాదు. చిన్న ప్రచురణకర్తలకు ఖర్చు భారం అన్న మాటకూ ఇదే జవాబు. ప్రొఫైలు అతికించడానికి పైసా ఖర్చు లేదు. ముద్రణ స్థితుల ప్రామాణిక ప్రొఫైళ్లు ఉచితంగా దొరుకుతాయి, స్క్రైబస్‌లోనూ వాటిని వాడుకోవచ్చు.

న్యూస్‌ప్రింట్ మీద ఎలాగూ రంగు చచ్చిపోతుంది, ఈ సూక్ష్మాలు అక్కడ వృథా అనేవాళ్లకు చెన్నై ఊరే జవాబు చెబుతుంది. ప్రపంచ వార్తాపత్రికల సంఘం వాన్-ఇఫ్రా దక్షిణాసియా కార్యాలయం చెన్నైలోనే ఉంది. కాగితం, సిరా వంటి ముద్రణ సామగ్రిని పరీక్షించే కేంద్రాన్ని కూడా అది ఇక్కడే నడిపింది. గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో ముద్రణ సాంకేతికతకు ప్రత్యేక శాఖ ఉంది. రంగుకు అందరికన్నా తక్కువ చోటు ఉన్న వార్తాపత్రికల రంగం కూడా ఒక ఉమ్మడి ప్రొఫైలుకు ఒప్పుకుంది. ఇరుకైన చోట ఏం ఉంచాలి, ఏం వదులుకోవాలి అన్నది తెలిసి నిర్ణయించకపోతే మిగిలేది బూడిద రంగే కాబట్టి ఒప్పుకుంది. పెద్ద రంగుల సమూహాన్ని చిన్నదానిలోకి కుదించడానికి పద్ధతులున్నాయి. ఫొటోలో ఛాయల మధ్య సంబంధాన్ని నిలబెట్టి మొత్తాన్ని దగ్గరకు లాగేది ఒకటి, పట్టే రంగుల్ని అలాగే ఉంచి పట్టనివాటిని అంచుకు చేర్చేది ఇంకొకటి. వీటిలో ఏది ఎంచుకున్నా మొదటి కొలత తెలియాలి. ఎక్కడినుంచి బయల్దేరామో తెలియని బొమ్మకు ఈ పద్ధతులేవీ పనిచేయవు. ఇన్ని సౌకర్యాలు దగ్గరున్న ఊళ్లో తెలుగు పుస్తక ప్రచురణకు ఈ క్రమశిక్షణ అందకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇది కొత్త పుస్తకాలకే పరిమితమైన విషయం కూడా కాదు. పాత పత్రికలనూ, బాపు, వడ్డాది పాపయ్య వంటివారి చిత్రాలనూ స్కాన్ చేసి మళ్లీ ప్రచురించే ప్రయత్నాలు పెరుగుతున్నాయి. అక్కడ తొలి అడుగులోనే కొలత తప్పితే ఆ నష్టం తరతరాలు వెంటాడుతుంది. చాలామంది స్కాన్లను ఎస్‌ఆర్‌జీబీలో దాస్తారు, తెర మీద చూడటానికి అది చాలు. కానీ ఆర్ట్ పేపరు మీద నిండుగా పడిన సయాన్ సిరా రంగులో కొంత భాగం ఎస్‌ఆర్‌జీబీ హద్దు దాటి ఉంటుంది. అంటే అచ్చు యంత్రం వేయగలిగిన నీలి-ఆకుపచ్చలను స్కాన్ ఫైలే ముందుగా కత్తిరించేస్తుంది. అడోబ్ ఆర్‌జీబీని అచ్చు రంగులు పట్టేలా విశాలంగా కట్టడానికి కారణం అదే. అందుకని స్కానర్ ప్రొఫైలుతో, లేదా విశాలమైన కొలతలోకి మార్చి ఆ ప్రొఫైలు అతికించి, అసలు స్కాన్‌ను ముట్టుకోకుండా దాచాలి. పేజీకి లింకు చేసేది దాని నకలు. పేజీ ఫైలును ప్యాకేజ్ చేసినప్పుడు లింకు బొమ్మలన్నీ ఒక ఫోల్డరులోకి చేరతాయి, అతికించిన ప్రొఫైలు వాటి వెంటే వెళ్తుంది. అతికించకుండా కంప్యూటర్ అమరిక మీదే ఆధారపడి ఉంటే ఆ సమాచారం ఆ కంప్యూటర్‌తోనే ఆగిపోతుంది. కంప్యూటర్ మార్చినా, ఆపరేటర్ ఉద్యోగం మానేసినా ఇక అడగడానికి ఎవరూ ఉండరు. కాబట్టి అచ్చు ఒప్పందం రాసుకునేటప్పుడు కాగితం బరువు, బైండింగ్ రకంతో పాటు ఇంకో రెండు పంక్తులు చేర్చమని ప్రచురణకర్తలను కోరుతున్నాను: ఏ ముద్రణ ప్రొఫైలుకు పీడీఎఫ్ తయారు చేయాలో ప్రెస్సు లిఖితంగా చెప్పాలి, పని పూర్తయ్యాక ప్రొఫైళ్లతో కూడిన ఆర్‌జీబీ బొమ్మల ఫోల్డరును డిజైనరు ప్రచురణకర్తకు అప్పగించాలి.